రౌటింగ్ ప్రోటోకాల్: ఓపెన్ సోర్స్‌లో అమలు, పరీక్ష

నెట్‌వర్క్‌లోని రౌటర్లు ఒకదానితో ఒకటి సమాచారం ఇచ్చిపుచ్చుకుని, ఏ గమ్యానికి ఏ దారిన ప్యాకెట్లు పంపాలో తేల్చుకునే నియమావళిని రౌటింగ్ ప్రోటోకాల్ అంటారు. ఆ నియమావళిని నడిచే ప్రోగ్రాముగా రాయడం అమలు. రాసిన ప్రోగ్రాము అన్ని పరిస్థితుల్లోనూ నియమావళి ప్రకారమే నడుచుకుంటుందా అని నిగ్గు తేల్చడం పరీక్ష. ఓపెన్ సోర్స్ అమలులో మూలకోడ్, పరీక్షల కోడ్ రెండూ అందరికీ అందుబాటులో ఉంటాయి. ఈ వ్యాసం ఆ రెండు పనుల చరిత్రను, రకాలను, పద్ధతులను వివరిస్తుంది. ఉదాహరణలకు ఏలూరు జిల్లా నూజివీడు మామిడి ప్రాంతాన్ని నమూనాగా తీసుకుంటుంది.

నిర్వచనం, పరిధి

రౌటర్ చేసే పని రెండు భాగాలు. వచ్చిన ప్యాకెట్‌ను పట్టికలో చూసి సరైన తీగలోకి నెట్టడం ఫార్వర్డింగ్. ఆ పట్టికను తయారుచేసి, పరిస్థితి మారినప్పుడల్లా సవరించడం రౌటింగ్. ఫార్వర్డింగ్‌ను కెర్నెల్ గానీ ప్రత్యేక చిప్ గానీ చేస్తుంది. రౌటింగ్‌ను నేపథ్యంలో నడిచే ప్రోగ్రాము, అంటే డీమన్, చేస్తుంది. పట్టికను చేత్తో రాసి వదిలేస్తే అది స్టాటిక్ రౌటింగ్. చిన్న ఆఫీసుకు అది చాలు. లింకులు తెగుతూ, అతుకుతూ ఉండే పెద్ద నెట్‌వర్క్‌కు ప్రోటోకాల్ తప్పనిసరి.

లింకు తెగిన తరువాత రౌటర్లన్నీ మళ్లీ ఒకే అవగాహనకు రావడాన్ని కన్వర్జెన్స్ అంటారు. అందుకు పట్టే సమయమే ప్రోటోకాల్ అమలును కొలిచే ప్రధానమైన కొలబద్ద.

చరిత్ర: ప్రోటోకాళ్లు

ఇంటర్నెట్‌కు ముందు రూపమైన ఆర్పానెట్ 1969లో మొదలైంది. అందులో తొలి రౌటింగ్ పద్ధతి డిస్టెన్స్ వెక్టర్. దాని లోపాలు బయటపడడంతో 1979లో లింక్ స్టేట్ పద్ధతికి మారారు. దీనికి పునాది ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అతి తక్కువ దూరపు దారి గణన పద్ధతి.

ఇంటర్నెట్ నియమావళులను ఆర్‌ఎఫ్‌సీ అనే సంఖ్యలు వేసిన పత్రాలుగా ప్రచురిస్తారు. రిప్ ప్రోటోకాల్‌ను 1988లో ఆర్‌ఎఫ్‌సీ 1058గా నమోదు చేశారు. బీజీపీ తొలి రూపం 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1105గా వెలువడింది. నేడు వాడుకలో ఉన్న బీజీపీ-4 నియమావళి 2006 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4271. జాన్ మోయ్ రాసిన ఓఎస్‌పీఎఫ్ రెండో రూపం 1998లో ఆర్‌ఎఫ్‌సీ 2328గా స్థిరపడింది. తీగ లేని నెట్‌వర్క్‌లకూ పనికొచ్చే బేబెల్ 2021లో ఆర్‌ఎఫ్‌సీ 8966గా ప్రామాణిక స్థాయికి చేరింది.

తెలుగు ఇంటిపేర్లు కూడా ఈ పత్రాల మీద కనిపిస్తాయి. దూరప్రాంతాల లోకల్ నెట్‌వర్క్‌లను ఒకే స్విచ్‌కు తగిలించినట్టు కలిపే వీపీఎల్‌ఎస్ సేవను బీజీపీతో నడిపే పద్ధతి ఆర్‌ఎఫ్‌సీ 4761. దీని సంపాదకులు కిరీటి కొంపెల్ల, యాకొవ్ రెఖ్టర్. అదే సేవను ఎల్‌డీపీ అనే మరో ప్రోటోకాల్‌తో నడిపే ఆర్‌ఎఫ్‌సీ 4762 సంపాదకుల్లో వాచ్ కొంపెల్ల ఒకరు. రెండూ 2007 జనవరిలో వెలువడ్డాయి.

చరిత్ర: ఓపెన్ సోర్స్ అమళ్లు

1983లో వచ్చిన 4.2బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు పంచిన రౌటెడ్ అనే ప్రోగ్రాము, అందరి చేతికీ అందిన తొలి అమళ్లలో ఒకటి. రిప్ నియమావళి రాతలోకి రాకముందే దాని కోడ్ నడుస్తూ ఉండేది. కునిహిరో ఇషిగురో 1996లో జీబ్రా మొదలుపెట్టారు. ఒక్కో ప్రోటోకాల్‌కు ఒక్కో డీమన్ ఉండాలన్న నిర్మాణం దానితోనే స్థిరపడింది. జీబ్రా నుంచి క్వాగా, క్వాగా నుంచి 2017లో ఎఫ్‌ఆర్‌రౌటింగ్ చీలి వచ్చాయి. ఎఫ్‌ఆర్‌రౌటింగ్ లినక్స్ ఫౌండేషన్ కింద సాగుతోంది.

ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో 1998లో విద్యార్థుల ప్రాజెక్టుగా పుట్టిన బర్డ్‌ను ఇప్పుడు చెక్ దేశపు డొమైన్ రిజిస్ట్రీ సీజెడ్.నిక్ అభివృద్ధి చేస్తోంది. ఇంటర్నెట్ ఎక్స్ఛేంజీలలోని రూట్ సర్వర్లలో దాని వాడకం విస్తృతం. ఓపెన్‌బీఎస్‌డీ బృందం ఓపెన్‌బీజీపీడీని, జపాన్ సంస్థ ఎన్‌టీటీ గోబీజీపీని రూపొందించాయి.

రకాలు

*డిస్టెన్స్ వెక్టర్.* ప్రతి రౌటర్ తనకు తెలిసిన గమ్యాలను, వాటి దూరాలను పొరుగు రౌటర్లకు చెబుతుంది. మొత్తం పటం ఎవరి దగ్గరా ఉండదు. రిప్ 30 సెకన్లకోసారి పట్టికను పంపుతుంది. 16 అంచెల దూరాన్ని అనంతంగా లెక్కిస్తుంది. ఒకరి మాట మీద ఒకరు ఆధారపడడం వల్ల తెగిపోయిన దారి ఉన్నట్టే ప్రచారమై, దూరం అంచె అంచెగా పెరుగుతూ పోయే ప్రమాదం ఉంది. బేబెల్ ఈ ప్రమాదాన్ని సీక్వెన్స్ సంఖ్యలతో నివారిస్తుంది.

*లింక్ స్టేట్.* ప్రతి రౌటర్ తన సొంత లింకుల వివరాన్ని మాత్రమే ప్రకటిస్తుంది. ఆ ప్రకటన నెట్‌వర్క్ అంతటా పాకుతుంది. అందరి దగ్గరా ఒకే పటం తయారవుతుంది. ఎవరి దారిని వారు లెక్కించుకుంటారు. ఓఎస్‌పీఎఫ్, ఐఎస్-ఐఎస్ ఈ కోవకు చెందినవి.

*పాత్ వెక్టర్.* బీజీపీ గమ్యంతో పాటు, దారిలో ఏయే సంస్థల నెట్‌వర్క్‌లు తగులుతాయో ఆ వరుసనంతా చెబుతుంది. ఆ వరుసలో తన సంఖ్యే కనిపిస్తే రౌటర్ ఆ దారిని తిరస్కరిస్తుంది. ఇందులో దూరం కంటే సంస్థల మధ్య ఒప్పందాలకు, విధానాలకు ప్రాధాన్యం ఎక్కువ.

*తాత్కాలిక నెట్‌వర్క్‌ల ప్రోటోకాళ్లు.* కదిలే పరికరాలకు, పరికరాలే ఒకదాని ప్యాకెట్లను మరొకటి మోసే మెష్‌లకు ఉద్దేశించిన ఏఓడీవీ, ఓఎల్‌ఎస్‌ఆర్ 2003లో ఆర్‌ఎఫ్‌సీలుగా వచ్చాయి. మొదటిది అవసరమైనప్పుడే దారి వెతుకుతుంది. రెండోది దారులను ముందే సిద్ధంగా ఉంచుతుంది.

అమలు: నిర్మాణం, పనితీరు

ఎఫ్‌ఆర్‌రౌటింగ్ తరహా అమలులో ఓఎస్‌పీఎఫ్‌డీ, బీజీపీడీ వంటి డీమన్లు తాము కనుగొన్న దారులను జీబ్రా అనే నడిమి డీమన్‌కు అప్పగిస్తాయి. ఒకే గమ్యానికి రెండు ప్రోటోకాళ్లు దారి చూపితే ఏది నమ్మదగినదో జీబ్రా తేల్చి, నెట్‌లింక్ ద్వారా లినక్స్ కెర్నెల్‌లో రాస్తుంది. బర్డ్ ఇదే పనిని ఒకే ప్రోగ్రాములో వేర్వేరు పట్టికలతో చేస్తుంది. మొదటి పద్ధతిలో ఒక డీమన్ కూలినా మిగతావి నిలుస్తాయి. రెండో పద్ధతిలో డీమన్ల మధ్య సందేశాల భారం ఉండదు.

ఇలాంటి ప్రోటోకాల్‌ను అమలు చేసే కోడ్‌లో సాధారణంగా నాలుగు భాగాలు ఉంటాయి.

1. *సందేశాల విడదీత.* తీగ మీద వచ్చిన బైట్లను పొడవులు సరిచూస్తూ చదవాలి. పొడవు గడిలో ఉన్న సంఖ్యను గుడ్డిగా నమ్మిన కోడ్ మెమరీ హద్దు దాటి కూలిపోతుంది.

2. *స్థితి యంత్రం.* ఓఎస్‌పీఎఫ్‌లో పొరుగు సంబంధం డౌన్, ఇనిట్, టూ-వే, ఎక్స్‌స్టార్ట్, ఎక్స్ఛేంజ్, లోడింగ్, ఫుల్ అనే మెట్లు ఎక్కుతుంది. బీజీపీలో ఐడిల్‌తో మొదలై ఎస్టాబ్లిష్డ్‌తో ముగుస్తుంది. ఏ మెట్టు మీద ఏ సందేశం వచ్చినా జవాబు ముందే రాసి ఉండాలి.

3. *గడియారాలు.* ఓఎస్‌పీఎఫ్‌లో హలో సందేశం వాడుకలో 10 సెకన్లకోసారి వెళ్తుంది. 40 సెకన్లపాటు పొరుగు నుంచి హలో రాకపోతే సంబంధం తెగినట్టు. ప్రకటనను 1,800 సెకన్లకోసారి తాజా చేయాలి. 3,600 సెకన్ల వయసుకు అది చెల్లిపోతుంది.

4. *డేటాబేస్, దారి గణన.* ఓఎస్‌పీఎఫ్‌లో ప్రకటన కొత్తదా పాతదా అన్నది సీక్వెన్స్ సంఖ్య, చెక్‌సమ్ (సందేశం చెడిందేమో తేల్చే సంఖ్య), వయసులను ఈ వరుసలో పోల్చి తేలుస్తారు. ఆ తరువాత డైక్‌స్ట్రా గణన నడుస్తుంది.

గణన పద్ధతి పాఠ్యపుస్తకంలో ఒక పేజీకి మించదు. అమలులో శ్రమంతా మిగతా మూడింటిలోనే ఉంటుంది.

పరీక్ష: స్థాయిలు

*యూనిట్ పరీక్ష* ఒక్కో ఫంక్షన్‌ను విడిగా చూస్తుంది. సీక్వెన్స్ సంఖ్యల పోలిక, చెక్‌సమ్ లెక్క వంటివి ఈ స్థాయివి.

*టోపాలజీ పరీక్ష* ఒకే కంప్యూటర్‌లో పలు రౌటర్లను సృష్టిస్తుంది. లినక్స్ నెట్‌వర్క్ నేమ్‌స్పేస్ ఒక్కొక్కటీ సొంత పోర్టులు, సొంత పట్టిక ఉన్న విడి రౌటర్‌లా నడుచుకుంటుంది. మినీనెట్ ఈ పద్ధతిని ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌లోని టోపోటెస్టులు పైటెస్ట్ ఆధారంగా ఇదే పని చేస్తాయి.

*అనుగుణ్య పరీక్ష* నియమావళిలోని ప్రతి తప్పనిసరి వాక్యాన్నీ ఒక ప్రశ్నగా మారుస్తుంది. *పరస్పర పరీక్ష* ఒక అమలును మరొకరు రాసిన అమలుతో జతచేస్తుంది. ఒకే బృందం పంపే వైపు, అందుకునే వైపు ఒకే పొరపాటు చేస్తే లోపలి పరీక్షల్లో అది బయటపడదు. ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌ను బర్డ్‌తో మాట్లాడిస్తే బయటపడుతుంది.

*ఫజ్ పరీక్ష* చెడగొట్టిన సందేశాలను లక్షల సంఖ్యలో గుప్పిస్తుంది. *సిమ్యులేషన్* ఎన్ఎస్-3 వంటి సాధనాలతో వేల నోడ్ల ప్రవర్తనను లెక్కిస్తుంది. తీగ మీద నిజంగా ఏం వెళ్లిందో టీసీపీడంప్, వైర్‌షార్క్ చూపుతాయి.

ప్రయోగశాల నమూనా: నూజివీడు చుట్టూ ఐదు రౌటర్లు

కింది అమరిక కేవలం వివరణ కోసం ఊహించినది. ఒకే ల్యాప్‌టాప్‌లో ఐదు నేమ్‌స్పేసులు తెరిచి వాటికి నూజివీడు, ఆగిరిపల్లి, విజయవాడ, హనుమాన్ జంక్షన్, ఏలూరు అని పేర్లు పెట్టి, ఒక్కొక్కదానిలో ఓఎస్‌పీఎఫ్ నడపాలి. లింకుల ఖర్చులు ఇలా ఇవ్వాలి: నూజివీడు–ఆగిరిపల్లి 10, ఆగిరిపల్లి–విజయవాడ 10, నూజివీడు–హనుమాన్ జంక్షన్ 10, హనుమాన్ జంక్షన్–విజయవాడ 20, హనుమాన్ జంక్షన్–ఏలూరు 10.

నూజివీడు నుంచి విజయవాడకు ఆగిరిపల్లి మీదుగా ఖర్చు 20, హనుమాన్ జంక్షన్ మీదుగా 30. పట్టికలో మొదటిది కనిపించాలి. ఇది ప్రాథమిక పరీక్ష. అసలు పరీక్షలు దీని తరువాత మొదలవుతాయి.

*లింకు తెగడం.* ఆగిరిపల్లి–విజయవాడ లింకు పోర్టును ఆపేయాలి. రెండు చివరలా కెర్నెల్ వెంటనే కబురు చెబుతుంది. కొత్త ప్రకటనలు పాకుతాయి. నూజివీడు పట్టికలో విజయవాడ దారి హనుమాన్ జంక్షన్ వైపు తిరిగి, ఖర్చు 30 కావాలి. ఆగిరిపల్లి నుంచి విజయవాడకు ఖర్చు 40 కావాలి. ఆగిరిపల్లి ప్యాకెట్లు నూజివీడు వచ్చి, అక్కడి నుంచి తిరిగి ఆగిరిపల్లికే పోతూ చక్రం తిరిగితే నూజివీడు పట్టిక ఇంకా మారలేదని అర్థం.

*చప్పుడు లేకుండా తెగడం.* మే నెల సాయంత్రం ఈదురుగాలికి తోటలో కాయ రాలినట్టే టవర్ మీద యాంటెన్నా పక్కకు తిరగవచ్చు. అప్పుడు రేడియో లింకు పోతుంది గానీ, రౌటర్ నుంచి రేడియో పెట్టెకు వెళ్లే తీగ బాగానే ఉంటుంది. రౌటర్‌కు పోర్టు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ప్రయోగశాలలో దీనికోసం పోర్టును ఆపకుండా, నెట్ఎమ్ సాధనంతో ప్యాకెట్లను నూటికి నూరు శాతం పారేయాలి. చివరి హలో తరువాత 40 సెకన్లు గడిస్తే గానీ ఓఎస్‌పీఎఫ్ గుర్తించదు. అంతసేపూ విజయవాడకు వెళ్లాల్సిన ప్యాకెట్లు పోతూనే ఉంటాయి. లింకు బతికుందో లేదో వేగంగా తేల్చే, 2010 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5880లోని బీఎఫ్‌డీని తోడు పెట్టి 50 మిల్లీసెకన్లకో సందేశం, మూడు తప్పితే లింకు పోయినట్టు అని నిర్ణయిస్తే, అదే లోపం 150 మిల్లీసెకన్లలో తెలుస్తుంది. అయితే మామూలుగానే ప్యాకెట్లు జారే లింకు మీద ఇంత బిగువైన గడువు పెడితే, బాగున్న లింకు కూడా మాటిమాటికీ తెగినట్టు లెక్కవుతుంది.

*ఒకవైపే వినబడడం.* నూజివీడు మాట హనుమాన్ జంక్షన్‌కు చేరకుండా ఒక దిశనే అడ్డుకోవాలి. హనుమాన్ జంక్షన్ గడువు తీరాక తన హలోలో నూజివీడు పేరును తీసేస్తుంది. ఆ హలోలో తన పేరు కనబడని నూజివీడు, సంబంధాన్ని ఇనిట్ మెట్టుకు దించాలి.

*ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం సరిపోలకపోవడం.* ఒక చివర ఎంటీయూ 1,500, మరో చివర 1,400 ఉంచితే, హలోలు చిన్నవి కనుక నడుస్తాయి గానీ సంబంధం ఫుల్ మెట్టుకు చేరదు. ఫీల్డులో ఇంజినీర్లకు తరచుగా ఎదురయ్యే లోపాల్లో ఇదొకటి.

*తిరిగి మొదలవడం.* ఆగిరిపల్లి డీమన్‌ను చంపి, వెంటనే మళ్లీ లేపాలి. దాని పాత ప్రకటన పెద్ద సీక్వెన్స్ సంఖ్యతో పొరుగువారి దగ్గర ఇంకా బతికే ఉంటుంది. కొత్తగా లేచిన డీమన్ తన పాత ప్రకటనను తానే అందుకుని, అంతకంటే ఒకటి ఎక్కువ సంఖ్యతో తాజా ప్రకటన ఇవ్వాలి. ఇది తప్పితే గంటసేపు పాత సమాచారమే రాజ్యమేలవచ్చు.

తీగ లేని లింకులు: తోటలు, టవర్లు, మెష్

నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి, విస్సన్నపేట మండలాల్లో బంగినపల్లి, కలెక్టర్, చిన్నరసం, పెద్దరసం తోటలు దట్టంగా ఉంటాయి. ఆకులు, కొమ్మలు 2.4, 5 గిగాహెర్ట్జ్ తరంగాలను బలహీనపరుస్తాయి. తోట మీదుగా వెళ్లే లింకు ఉన్నట్టే ఉండి సగం ప్యాకెట్లను జారవిడవవచ్చు.

ఇలాంటి చోట అంచెల లెక్క చాలదు. 2003లో ప్రతిపాదించిన ఈటీఎక్స్ కొలమానం, ఒక ప్యాకెట్ చేరడానికి సగటున ఎన్నిసార్లు పంపాలో అంచనా వేస్తుంది. తోటలోంచి నేరుగా వెళ్లే లింకు పోయేటప్పుడు 0.5 వంతు, వచ్చేటప్పుడు 0.8 వంతు విజయవంతమైతే లబ్ధం 0.4, ఈటీఎక్స్ 2.5. గట్టు మీది టవర్ ద్వారా రెండు అంచెలు వెళ్తూ, ప్రతి దిశలో 0.95 వంతు విజయం ఉంటే ఒక్కో అంచె 1.11, మొత్తం 2.22. అంచెలు లెక్కపెట్టే ప్రోటోకాల్ నేరు లింకును ఎంచుతుంది. ఈటీఎక్స్ వాడేది టవర్ దారిని ఎంచుతుంది.

పొరుగునే ఉన్న పశ్చిమ గోదావరిలో 2000ల దశకంలో బైర్రాజు ఫౌండేషన్ చేపట్టిన అశ్విని నెట్‌వర్క్, వైఫై పరికరాలతోనే దూరపు లింకులు వేసి గ్రామాలకు వీడియో వైద్య, విద్యా సేవలు అందించింది. భాస్కరన్ రామన్, సయన్‌దీప్ సేన్ 2007లో ప్రచురించిన ప్రణాళికా పద్ధతి ఇలాంటి గ్రామీణ నెట్‌వర్క్‌ల కోసమే. టవర్ల ఎత్తే ఖర్చును నిర్ణయిస్తుందన్నది అందులోని కీలకాంశం. ఖర్చు తగ్గించడానికి చెట్టు కొమ్మల ఆకారంలో నెట్‌వర్క్ వేస్తే ఏ రెండు ఊళ్ల మధ్యా ఒకే దారి ఉంటుంది. అక్కడ రౌటింగ్ ప్రోటోకాల్‌కు ఎంచుకునే అవకాశమే ఉండదు. అదనపు లింకు వేసినప్పుడే దానికి పని.

రామన్, చేబ్రోలు కామేశ్వరి తదితరులు 2008లో ఇంకో నిర్ధారణ ప్రకటించారు. సిగ్నల్‌కు తగిన మిగులు ఉంచి, జోక్యం లేకుండా ప్రణాళిక వేస్తే లింకును పనిచేస్తోంది లేదా పనిచేయడం లేదు అని రెండే స్థితులుగా చూడవచ్చని, సగం పనిచేసే లింకుల కోసం రూపొందిన కొలమానాల అవసరం తగ్గుతుందని వారు చూపారు. ఈటీఎక్స్ పక్షం, ప్రణాళిక పక్షం రెండూ వేర్వేరు పరిస్థితులకు చెల్లుతాయి. ముందస్తు ప్రణాళిక లేని మెష్‌కు మొదటిది, టవర్లు నిలబెట్టి వేసిన నెట్‌వర్క్‌కు రెండోది తగినవి.

ప్రసిద్ధ వైఫల్యాలు

*1980 ఆర్పానెట్ స్తంభన.* 1980 అక్టోబరు 27న ఆర్పానెట్ కొన్ని గంటలపాటు నిలిచిపోయింది. ఒక రౌటింగ్ సందేశపు సీక్వెన్స్ సంఖ్యలో బిట్లు జారిపోయి 44, 40, 8 అనే మూడు రూపాలు ఏర్పడ్డాయి. చక్రంలా తిరిగే పోలిక నియమం ప్రకారం ప్రతిదీ మరొకదాని కంటే కొత్తదిగా కనిపించింది. మూడూ అంతులేకుండా ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగాయి. తీగ మీద చెక్‌సమ్ ఉంది గానీ, మెమరీలో ఉన్న సందేశానికి రక్షణ లేదు. ఓఎస్‌పీఎఫ్‌లో సీక్వెన్స్ సంఖ్యలు చక్రంలా కాక సరళరేఖలా పెరుగుతాయి. ప్రకటనకు తనదైన చెక్‌సమ్ ఉంటుంది. వయసు మీరితే అది చెల్లిపోతుంది. ఈ మూడు జాగ్రత్తలు సరిగ్గా ఇలాంటి ప్రమాదానికి సమాధానాలు.

*2019 అట్రిబ్యూట్ 255 ఘటన.* 2019 జనవరిలో డిస్కో అనే పరిశోధనలో భాగంగా, అభివృద్ధి పనులకు కేటాయించిన 255వ సంఖ్య అట్రిబ్యూట్‌తో బీజీపీ ప్రకటనలను అసలు ఇంటర్నెట్ మీదే పంపారు. నియమం ప్రకారం ఇలాంటి తెలియని అట్రిబ్యూట్‌ను అలాగే ముందుకు పంపాలి. కానీ ఎఫ్‌ఆర్‌రౌటింగ్‌లో అదే సంఖ్యను ఒక ప్రయోగాత్మక సదుపాయానికి వాడి ఉండడంతో, ఆ ప్రకటన చెడినదిగా లెక్కై సెషన్లు తెగిపోయాయి. ప్రకటన మళ్లీ వచ్చినప్పుడల్లా మళ్లీ తెగాయి. లోపాన్ని భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2019-5892గా నమోదు చేసి, సవరించిన విడుదలలు తెచ్చారు. చెడిన ప్రకటనను ఉపసంహరణగా భావించి సెషన్‌ను నిలుపుకోవాలని 2015 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7606 చాలా సందర్భాలకు అప్పటికే చెప్పి ఉంది.

మొదటి వైఫల్యం నియమావళిది, రెండోది అమలుది. రెండింటిలోనూ సాధారణ రాకపోకల పరీక్ష లోపాన్ని పట్టలేదు. ఉద్దేశపూర్వకంగా అసాధారణంగా తయారుచేసిన సందేశమే పట్టగలిగేది.

ఆంధ్రప్రదేశ్‌లో సందర్భం

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రాజెక్టును 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. తొలి దశలో సుమారు 24,000 కిలోమీటర్ల ఫైబర్‌ను ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగా లాగారు. నేలలో పాతిన తీగ కంటే ఇది చవక, త్వరగా పూర్తవుతుంది. అయితే స్తంభం పడితే ఫైబర్ కూడా తెగుతుంది కనుక, ఇలాంటి నెట్‌వర్క్‌లో ప్రత్యామ్నాయ దారి, దాన్ని వేగంగా కనుగొనే రౌటింగ్ రెండూ ముఖ్యమవుతాయి.

నూజివీడులో ట్రిపుల్ ఐటీగా పేరుపొందిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం 2008 నుంచి ఉంది. పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల ఇంజినీరింగ్ చదువుకు తీసుకోవడం దాని ప్రత్యేకత. తెలుగు నేల మీద స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారానికి 2005లో హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఏర్పడింది.

ప్రాముఖ్యం, పరిమితులు

ప్రామాణిక నియమావళికి స్వతంత్ర అమళ్లు ఉండాలన్నది ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సంప్రదాయం. ముసాయిదా పత్రంలోనే అమళ్ల స్థితిని నమోదు చేసే పద్ధతిని 2016 నాటి ఆర్‌ఎఫ్‌సీ 7942 వివరించింది. ఓపెన్ సోర్స్ అమలు ఉంటే నియమావళిలోని అస్పష్టమైన వాక్యాన్ని ఎలా అర్థం చేసుకున్నారో కోడ్‌లోనే చూడవచ్చు. పైన చెప్పిన ఐదు రౌటర్ల నమూనాకు కావలసింది లినక్స్ ఉన్న ఒక సాధారణ ల్యాప్‌టాప్ మాత్రమే. ఖరీదైన పరికరాలు లేని కళాశాలలో కూడా 40 సెకన్ల మౌనాన్ని కళ్లారా చూసి, దానికి పరీక్ష రాసి, మూల ప్రాజెక్టుకు పంపవచ్చు.

పరిమితులు కూడా ఉన్నాయి. నేమ్‌స్పేసులన్నీ ఒకే ప్రాసెసర్‌ను పంచుకుంటాయి కనుక, అక్కడ కొలిచిన కన్వర్జెన్స్ సమయం అసలు నెట్‌వర్క్ సమయంతో సమానం కాదు. చిప్‌లో పట్టిక రాయడానికి పట్టే సమయం అందులో కనిపించదు. నెట్ఎమ్ యాదృచ్ఛికంగా పారేసే ప్యాకెట్లు, గాలికి ఊగే కొమ్మల వల్ల గుంపులు గుంపులుగా పోయే ప్యాకెట్లకు పూర్తి ప్రతిరూపం కావు. కోడ్ అందరికీ కనిపించినంత మాత్రాన అందరూ చదివినట్టు కాదని 2019 ఘటన చూపింది. అందుచేత ప్రయోగశాల ఫలితాన్ని క్షేత్ర పరీక్షతో సరిచూసుకోవడం, బయటపడిన ప్రతి లోపాన్నీ శాశ్వత పరీక్షగా మార్చి కోడ్ పక్కనే ఉంచడం ఈ రంగంలో స్థిరపడిన ఆచారం.

ఇవీ చూడండి

ఆర్పానెట్, ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్, ఓఎస్‌పీఎఫ్, డైక్‌స్ట్రా గణన పద్ధతి, నూజివీడు, బీజీపీ, మెష్ నెట్‌వర్క్, లినక్స్ కెర్నెల్, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం.